ఫొటో ఉంది సరే... ఫోన్ నెంబరేదీ?

"సార్, నాకు ఇండస్ట్రీలో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఎలా సార్?"

ఈ మధ్య నాకు తారసపడే కుర్రాళ్ళంతా అడిగే ప్రశ్న ఇదే. నటుడు కావాలనుకునేవాడూ ఇదే అడుగుతాడు, ఎడిటరు కావాలనుకునేవాడూ ఇదే అడుగుతాడు, మేకప్ నేర్చుకున్న అమ్మాయీ ఇదే అడుగుతుంది. సినిమా పత్రికలకి రాసుకుని బతికే నేను ఏదో బంగారు తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతున్నానని వాళ్ళ నమ్మకం. అలాంటిదేమీ లేదు మహాప్రభో! ఉంటే ముందు నా ఇంటి అద్దె సంగతే చూసుకునేవాణ్ణి.

అయితే ప్రశ్న మాత్రం న్యాయమైనదే. సినిమా పనికి ఉద్యోగ ప్రకటనలుండవు, పరీక్షలుండవు, మెరిట్ లిస్టులుండవు. 'ఫలానావాణ్ణి పిలు' అని ఎవరో అనాలి, ఇంకెవరో పిలవాలి. ఆ 'ఫలానావాడు' మీరెలా అవుతారు? చేతిలో డబ్బు లేకుండా, వెనక మామయ్య లేకుండా, పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కట్టించుకోకుండా? నాలుగు నెలలుగా ఇదే పనిమీద కృష్ణానగర్, ఇందిరానగర్, ఫిల్మ్‌నగర్ సందులన్నీ తిరిగాను. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను. సినిమాల్లోకి వచ్చే ఉద్దేశం మీకు లేకపోయినా చదవండి. రేపు మీరు ఫొటో స్టూడియో పెట్టినా, ట్యూషన్లు చెప్పినా గొడవ ఇదే.

కృష్ణానగర్ సంగతి కొత్తవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ పక్కన, జూబ్లీహిల్స్ బంగళాలకు కూతవేటు దూరంలో ఉన్న ఇరుకు కాలనీ అది. పొద్దున్నే చీకటితో వెళితే భుజాన సంచీలతో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, కాస్ట్యూమ్ వాళ్ళు వ్యాన్ల కోసం నిలబడి ఉంటారు. పూరీ జగన్నాథ్ 2008లో తీసిన 'నేనింతే' చూశారుగా? ఆ వీధులే. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, కనీసం ముగ్గురు కాబోయే దర్శకులు మీకు కథ చెబుతారు!

అక్కడికి కొత్తగా వచ్చినవాడు మొదట చేసే పని ఏమిటో తెలుసా? అప్పో సొప్పో చేసి, నలభై ఫొటోల ఆల్బం తీయించుకుంటాడు. నల్లకళ్ళద్దాలతో ఒకటి, మోటారు సైకిలు మీద ఒకటి, చొక్కా విప్పి ఒకటి. దాన్ని చంకన పెట్టుకుని హీరోగారి గేటు ముందో, నిర్మాతగారి ఆఫీసు ముందో నిలబడతాడు. సెక్యూరిటీ అతను ఆల్బం తీసుకుని లోపలికి పంపిస్తానంటాడు. అది ఎక్కడికి పోతుందో ఆ భగవంతుడికే తెలియాలి.

గేటు దగ్గర నిలబడటం తప్పని నేననను. కానీ మీ మొదటి వేషాన్ని నిర్ణయించేది ఆ గేటు లోపల ఉన్న మనిషి కాదు. ఇది అర్థం కావడానికే చాలామందికి రెండేళ్ళు పడుతోంది.

నాకు తెలిసిన ఓ కో-డైరెక్టరు ఉన్నాడు. పేరు వద్దన్నాడు. పాతికేళ్ళుగా ఇదే పని. ఒకరోజు రాత్రి పదకొండింటికి ఆయన గదికి వెళ్ళాను. మర్నాటి షూటింగు కాగితాలు మంచం నిండా పరుచుకుని కూర్చున్నాడు. ఆస్పత్రి సీను. 'నర్సు - ఒక మాట ఉంది', 'కాంపౌండరు - రెండు మాటలు', 'పేషెంటు తండ్రి - ఏడవాలి'. ఈ ముగ్గురూ ఎవరన్నది డైరెక్టరుగారికి పట్టదు. నిర్మాతకు అసలే పట్టదు. పొద్దున ఏడింటికల్లా మనుషులు లొకేషన్‌లో ఉండాలి, అంతే. మాటలున్న చిన్న వేషాలను ఈయనే నిర్ణయించాలి. వెనకాల నిలబడే గుంపు కావాలంటే జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకు ఫోను కొడతారు, అది వేరే లెక్క.

ఆయన ఫోను తీసి పేర్లు వెతకడం మొదలుపెట్టాడు. నేను తొంగి చూశాను. ఆ ఫోనులో మనుషుల పేర్లు సరిగ్గా లేనే లేవు! 'తెనాలి - లావు - నవ్విస్తాడు', 'వరంగల్ పెద్దాయన - నిజంగా ఏడుస్తాడు', 'పొడుగు - పోలీస్ - సొంత బూట్లు', 'లేటు మనిషి - వద్దు'.

"ఇదేంటి గురూగారూ?" అన్నాను.

"పేరుతో నాకేం పని బాబూ? అర్ధరాత్రి గుర్తుకు రావాల్సింది పని" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

'వరంగల్ పెద్దాయన'కు ఫోను వెళ్ళింది. ఆయన రెండో రింగుకే ఎత్తాడు. వేషం ఖాయమైపోయింది. ఎంతసేపు పట్టిందో తెలుసా? టీ చల్లారేంత కూడా పట్టలేదు.

పబ్లిసిటీ అంటే నాకు ఆ రాత్రి అర్థమైంది. ఊరంతా మన పేరు మోగిపోవడం కాదు. ఒక పదిమంది ఫోనుల్లో, మన పేరు పక్కన మనకు పనికొచ్చే ఒక్క ముక్క ఉండటం! అది పైసా ఖర్చు లేని పబ్లిసిటీ. కానీ ఆ ఒక్క ముక్క సంపాదించడం మాత్రం అంత తేలిక కాదు సుమా.

పాత కథలు, సగం చెప్పే కథలు

"అక్కినేని నాగేశ్వరరావుగారిని విజయవాడ రైల్వే స్టేషన్లో చూసి ఘంటసాల బలరామయ్యగారు హీరోని చేసేశారట కదండీ! అదృష్టం అంటే అదీ!" అని నిట్టూర్చేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నిజమే, చూశారు. 1944లో 'శ్రీ సీతారామ జననం' వచ్చింది, ఆయనే కథానాయకుడు. కానీ అప్పటికే ఆ కుర్రాడు నాటకాల్లో ఆడవేషాలు కట్టి కట్టి పేరు తెచ్చుకున్నవాడనీ, 1941లోనే 'ధర్మపత్ని'లో చిన్న వేషం వేసి ఉన్నాడనీ ఈ నిట్టూర్పుగాళ్ళు చెప్పరు. ప్లాట్‌ఫారం మీద ఆ రోజు ఎంతమంది అందగాళ్ళు నిలబడి ఉన్నారో! బలరామయ్యగారి కన్ను వాళ్ళ మీద ఎందుకు నిలవలేదు?

ఎల్.వి.ప్రసాద్‌గారి కథ నాకు ఇంకా ఇష్టం. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి బొంబాయి పారిపోయిన పల్లెటూరి కుర్రాడు. అక్కడ తెలుగు మాట వినబడేదే తక్కువ. మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' తయారవుతున్న చోట చిన్నా చితకా పనులు చేస్తూ ఉంటే, అదే చిత్రానికి సహాయకుడుగా ఉన్న హెచ్.ఎం.రెడ్డిగారితో పరిచయమయింది. ఆ ఒక్క పరిచయం ఎక్కడికి తీసుకెళ్ళిందో చూడండి. 1931లో 'ఆలం ఆరా'లో వేషం, ఆ ఏడాదే రెడ్డిగారి 'కాళిదాస్'లో వేషం, 1932లో రెడ్డిగారిదే 'భక్త ప్రహ్లాద'లో వేషం. అలా హిందీ, తమిళం, తెలుగు మూడింటి తొలి టాకీల్లోనూ కనిపించిన మనిషి అయ్యాడాయన! అక్కడితో అయిపోయిందా? ఏళ్ళ తరవాత ఆ ప్రసాద్‌గారే 1949లో 'మనదేశం' తీస్తూ ఎన్.టి.రామారావుగారికి పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం ఇచ్చారు. ప్రసాద్‌గారి దగ్గరున్న రామారావుగారి ఫొటో చూసే బి.ఎ.సుబ్బారావుగారు 'పల్లెటూరి పిల్ల'కు ఆయన్ని హీరోగా అనుకున్నారు. ఫొటో గొప్పదే. కానీ అది ఎవరి దగ్గర ఉందన్నది ఇంకా గొప్ప సంగతి.

ఫొటో ఒకరి దగ్గర, అవకాశం ఇంకొకరి దగ్గర. వాళ్ళిద్దరి మధ్యా ఒక మాట. మొత్తం వ్యవహారం ఇదే.

పక్క మంచం మీద ఎవరున్నారు?

మన కుర్రాళ్ళలో నాకు నచ్చని గుణం ఒకటుంది. పైవాళ్ళ వంకే చూస్తారు గాని పక్కవాళ్ళ వంక చూడరు. 'స్టారుతో సెల్ఫీ దిగాను' అని నెల రోజులు చెప్పుకుంటారు. ఆ స్టారుకు మరుసటి నిమిషంలోనే మనం గుర్తుండం. అదే సమయంలో మన గదిలో పక్క మంచం మీద దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నవాడు పదేళ్ళ తరవాత ఏమవుతాడో ఎవరు చూడొచ్చారు?

మద్రాసులో ఒకే గదిలో అద్దెకున్న ముగ్గురు కుర్రాళ్ళు రవితేజ, వై.వి.ఎస్.చౌదరి, గుణశేఖర్. రవితేజ సహాయ దర్శకుడుగా క్లాపులు కొట్టాడు, చిన్న చిన్న వేషాలు కట్టాడు. తను సహాయకుడుగా పనిచేసిన కృష్ణవంశీయే 1997లో 'సింధూరం'లో మంచి వేషం ఇచ్చాడు. 1999లో శ్రీను వైట్ల తన మొట్టమొదటి చిత్రం 'నీ కోసం'కి అతన్నే హీరోగా పెట్టుకున్నాడు. ఇక ఆ గదిలోని ముగ్గురి సంగతి... 2012లో 'నిప్పు' వచ్చింది. నిర్మాత చౌదరి, దర్శకుడు గుణశేఖర్, హీరో రవితేజ! సినిమా ఆడలేదు, అది వేరే విషయం. ఒకే గదిలో కలలు కన్న ముగ్గురూ ఒకే పోస్టరు మీదికి ఎక్కారా లేదా?

చిరంజీవి, సుధాకర్, హరిప్రసాద్ కూడా మద్రాసులో గది మిత్రులే. 1988లో 'యముడికి మొగుడు'కి ఆ పాత స్నేహితులు నిర్మాతలయ్యారు. త్రివిక్రమ్, సునీల్ సంగతి మీకు నేను చెప్పాలా? భీమవరం వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఒకే గదిలో ఉన్నారు. 2000లో 'నువ్వే కావాలి'కి మాటలు ఒకరివి, నవ్వులు ఇంకొకరివి.

ఇప్పటి వాళ్ళు కావాలంటే విజయ్ దేవరకొండనే తీసుకోండి. 2012లో శేఖర్ కమ్ముల 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్'లో ఓ చిన్న పాత్ర వేశాడు. ఆ సినిమాకి సహాయ దర్శకుడుగా ఉన్నవాడు నాగ్ అశ్విన్. మూడేళ్ళ తరవాత నాగ్ అశ్విన్ తన తొలి చిత్రం 'ఎవడే సుబ్రమణ్యం' తీస్తూ ఈ కుర్రాణ్ణి పిలిచాడు. ఆ మరుసటి ఏడాది 'పెళ్ళి చూపులు'. ఆ తరవాత కథ మీకు నాకంటే బాగా తెలుసు. ఆ సెట్లో ఎండకు గొడుగు కింద కూర్చున్న పెద్దవాళ్ళను వదిలేసి, ఎండలో పరుగెత్తే సహాయ దర్శకులతో రెండు మాటలు మాట్లాడేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి?

'కలర్ ఫొటో' 2020లో వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. దర్శకుడు సందీప్ రాజ్, హీరో సుహాస్ ఇద్దరూ అంతకుముందు యూట్యూబ్ లఘుచిత్రాలు కలిసి చేసుకున్నవాళ్ళే. ఇద్దరూ ఒకరికొకరు పరిచయపత్రాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గది మిత్రులు పైకి తీసుకొస్తారు, కాదనను. కాని వాళ్ళకు పదేళ్ళు పడుతుంది! ఈలోగా అద్దె ఎవరు కడతారు? మొదటి పని, రెండో పని ఎక్కడి నుంచి వస్తాయి?

దీనికి అమెరికాలో ఓ సామాజిక శాస్త్రవేత్త ఎప్పుడో జవాబు చెప్పాడు. మార్క్ గ్రానొవెటర్ అని, 1973లో ఓ వ్యాసం రాశాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను పట్టుకుని, 'ఆ ఉద్యోగం సంగతి చెప్పిన మనిషిని మీరు అప్పట్లో ఎన్నిసార్లు కలిసేవారు?' అని అడిగాడు. తరచూ కలిసేవాళ్ళమన్నది నూటికి 17 మందే. ఎప్పుడైనా ఓసారి కలిసేవాళ్ళమన్నవారు 56 మంది. ఎప్పుడో గాని కలవమన్నవారు 28 మంది. ఆలోచిస్తే వింతేమీ లేదు. మన ప్రాణస్నేహితుడికి తెలిసింది మనకూ తెలుసు. ఇద్దరం ఒకే టీ కొట్టు దగ్గర కూర్చుంటాం గనక! ఎప్పుడో ఓ పెళ్ళి షూటింగులో కలిసిన డ్రోన్ కెమెరా కుర్రాడికి తెలిసిన లోకం వేరు. కొత్త కబురు అక్కడి నుంచి వస్తుంది. కాబట్టి ఆ డ్రోను కుర్రాడి నెంబరు తీసుకున్నారా లేదా అన్నదే ప్రశ్న. తీసుకుంటే, మూడు నెలలకోసారైనా 'ఎలా ఉన్నావు అన్నా, నీ ఫలానా వీడియో చూశాను, బావుంది' అన్నారా లేదా?

ఇది కాకాపట్టడం కాదా అని మీకు సందేహం రావచ్చు. చూడని వీడియోని బావుందంటే కాకా. చూసి, ఎక్కడ బావుందో చెబితే మర్యాద.

ఏం పంపాలి, ఎలా అడగాలి?

ఆ కో-డైరెక్టరుగారి వాట్సాప్‌కి రోజూ వచ్చే ఫొటోలు చూస్తే మీకు జాలేస్తుంది. వరసగా ఇరవై ఫొటోలు, కింద 'ఛాన్స్ ప్లీజ్ సార్' అని ఉంటుంది. ఎత్తెంతో ఉండదు, ఊరేదో ఉండదు. ఆ ఫొటోలు ఇంకొకరికి పంపిస్తే, చూసినవాళ్ళకు ఎవరికి ఫోను చెయ్యాలో తెలియదు. ముఖమంతా ఫిల్టర్లతో నున్నగా చేసి పంపితే, మనిషి ఎదురుగా వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి పోలీసులు కావాలి!

ఆయన చెప్పిన లెక్క చాలా చిన్నది. పగటి వెలుతురులో, గోడ ముందు నిలబడి, ఫోనుతో తీసిన ఫొటోలు మూడు చాలు. ముఖం ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువెత్తున ఒకటి. ఫొటో మీదే కింద వరసలో పేరు, వయసు, ఎత్తు, ఉండే చోటు, వచ్చిన భాషలు, ఫోన్ నెంబరు రాసేయాలి. ఫొటో ఎన్ని చేతులు మారినా నెంబరు దానితోపాటే వెళుతుంది. దాంతో ఒక నిమిషం వీడియో. అందులో స్టారుల డైలాగులు కొట్టకండి, దయచేసి! మీ తాత ఎలా మాట్లాడతాడో, మీ ఊరి బస్ కండక్టరు ఎలా కసురుకుంటాడో అది చేసి చూపించండి. శ్రీకాకుళం యాస, పాలమూరు యాస, అనంతపురం యాస సొంతంగా వచ్చినవాళ్ళ కోసం ఇప్పుడు వెతుకుతున్నారు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చాక ఈ వెతుకులాట ఇంకా పెరిగిందని నా అభిప్రాయం. వెంకటేష్ మహా దాన్ని విశాఖలోని కంచరపాలెం మనుషుల్నే పెట్టి తీశాడు గదా. మీకు సిగ్గనిపించే మీ యాసే మీ విజిటింగ్ కార్డు.

తెర వెనక పనులకు లెక్క కొంచెం వేరు. 'ఎడిటింగ్ వచ్చు, కెమెరా వచ్చు, గ్రాఫిక్స్ వచ్చు, కథలూ రాస్తాను సార్' అనేవాణ్ణి ఎవరూ దేనికీ పిలవరు. ఫోనులో అతని పేరు పక్కన ఏమని రాసుకోవాలి? ఒక్కటి పట్టుకోండి. నరసరావుపేట నుంచి వచ్చిన ఒక ఎడిటరు కుర్రాణ్ణి చూశాను. పెళ్ళి వీడియోలు కత్తిరించుకుంటూ వచ్చాడు. ఇక్కడ లఘుచిత్రాలు తీసేవాళ్ళ దగ్గరకు వెళ్ళి, "మీ ట్రైలరు ఒక్కటీ ఊరికే కట్ చేసి పెడతాను. నచ్చితే వాడుకోండి, నా పేరు వెయ్యండి" అన్నాడు. సినిమా మొత్తం ఊరికే చేస్తాననలేదు, గమనించండి. ట్రైలరు ఒక్కటే! నిమిషంన్నర పని, రెండు రాత్రుల శ్రమ. పదిమంది చూసేది అదే. ఊరికే చేసే పనికి హద్దు ముందే చెప్పేశాడు, పేరు వేస్తామని వాట్సాప్‌లో రాయించుకున్నాడు కూడా. అలా నాలుగు చేశాడు. ఐదోదానికి డబ్బు అడిగాడు, ఇచ్చారు.

ఊరికే చేయించుకునేవాళ్ళు మాత్రం ఈ ఊళ్ళో కోకొల్లలు. 'ఎక్స్‌పోజర్ వస్తుంది తమ్ముడూ' అంటారు. ఎక్స్‌పోజరుతో మెస్సు బిల్లు కట్టలేం. మూడోసారీ ఊరికే అడిగినవాడికి నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోవడమే మంచిది.

అడగడంలోనూ తేడా ఉంది. 'ఛాన్స్ ఇవ్వండి' అంటే ఎదుటివాడు 'చూద్దాం' అంటాడు, అంతకంటే ఏమనగలడు? 'ఈ నిమిషం వీడియో చూసి ఎక్కడ బాగాలేదో చెప్పండి సార్' అని అడగండి. లేదా 'ఫలానా షోకి ఆడిషన్లు ఎవరు చూస్తున్నారో పేరు చెప్పగలరా?' అనండి. అది ఇవ్వగలిగిన సాయం. మనిషి తను చెయ్యగలిగిన సాయం చేస్తే మనల్ని గుర్తుపెట్టుకుంటాడు. పదిహేను రోజుల తరవాత మళ్ళీ కబురు పెట్టేటప్పుడు, 'మీరు చెప్పింది సరిచేశాను, చూడండి' అని కొత్తది పంపాలి. 'ఏమైంది సార్?' అని రోజూ గుడ్ మార్నింగు బొమ్మలతో పాటు పంపేవాళ్ళ నెంబర్లు ఎక్కడికి పోతాయో నేను కళ్ళారా చూశాను.

ఆఫీసు బాయ్‌ని 'ఒరేయ్' అనేవాడు కూడా ఎక్కడికీ పోడు. డైరెక్టరుగారు ఎప్పుడొస్తారో, ఎప్పుడు చిరాకులో ఉంటారో ఆ అబ్బాయికే తెలుసు.

డబ్బడిగేవాడు సినిమావాడు కాదు

ఇక ఖమ్మం పిల్ల సంగతి. కో-డైరెక్టరుగారి ఫోనులో 'ఖమ్మం - మేకప్ - టైముకొస్తది' అని ఉన్న పేరు ఆమెది. ఇరవై మూడేళ్ళుంటాయి. బ్యూటీషియన్ కోర్సు చేసి మూడేళ్ళ కిందట వచ్చింది. ఇందిరానగర్లో నలుగురు అమ్మాయిలున్న గదిలో కలిశాను.

"మొదట్ల నేను గూడ మోసపోయిన అన్నా" అంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకడు 'కోఆర్డినేటర్' అని పరిచయమయ్యాడు. పెద్ద సినిమా, పెద్ద పేర్లు. కార్డు ఇప్పిస్తాను, రిజిస్ట్రేషను ఫీజు కట్టాలన్నాడు. వాళ్ళమ్మ గాజులు కుదవపెట్టి నలభై వేలు పంపింది. ఆ తరవాత ఆ నెంబరు పనిచెయ్యలేదు. "అమ్మకు యాడాదిదాంక చెప్పలే అన్నా. కార్డొచ్చిందన్న, సినిమా నడుస్తుందన్న..." అని కిటికీ వైపు తిరిగింది. పక్కనున్న అమ్మాయి లేచి స్టవ్ మీద పాలు పొంగకుండా చూసింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

చదివేవాళ్ళు ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, తీసుకోడు. ఆడిషనుకు ఫీజు, వేషానికి డిపాజిట్టు, 'మా దగ్గరే ఫొటోలు తీయించుకుంటేనే' అనే ప్యాకేజీ, ఇవన్నీ ఒకే తాను ముక్కలు. యూనియన్లలో సభ్యత్వానికి రుసుము ఉండే మాట నిజమే. కాని అది యూనియను ఆఫీసుకు మీరే వెళ్ళి, అడిగి తెలుసుకుని, రసీదు తీసుకుని కట్టేది. ఎవడి ఫోను పే నెంబరుకో పంపేది కాదు. ఆన్‌లైన్లో డబ్బు పోతే ఆ గంటలోనే 1930కి ఫోను చెయ్యాలి. సైబర్ మోసాల కోసం ప్రభుత్వం పెట్టిన నెంబరు అది. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే వీలు అంత ఉంటుంది.

ఆడపిల్లలకు ఇంకొక మాట. ఆడిషన్ పగలు, ఆఫీసులో. తోడు ఒకరిని తీసుకెళతానంటే వద్దన్నచోటికి వెళ్ళనక్కర్లేదు. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపులను అడ్డుకునే చట్టం 2013లో వచ్చింది. పదిమంది గాని, అంతకన్నా ఎక్కువమంది గాని పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా చిన్న చోటైతే జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. సినిమా కంపెనీ చట్టానికి అతీతం కాదు. పరిచయాలు పెంచుకోవడమంటే ఎవరు పిలిస్తే అక్కడికి పోవడం కాదని ఆ గదిలోని నలుగురూ తమలో తాము ఓ పద్ధతి పెట్టుకున్నారు. ఎవరు ఎక్కడికి వెళ్ళినా లొకేషను మిగిలిన ముగ్గురికీ పంపాలి. పిలిచినవాడి పేరు గదిలో గోడమీది క్యాలెండరు మీద రాయాలి. ఆ క్యాలెండరు నేను చూశాను. రెండు పేర్ల మీద ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది.

మరి ఈమెకు పని ఎలా వచ్చింది? డబ్బు పోయాక ఇంటికి పోకుండా, కృష్ణానగర్లో ఓ చిన్న పార్లర్లో చేరింది. లఘుచిత్రాల వాళ్ళకు పెద్దగా మేకప్ బడ్జెట్టు ఉండదు. ఒకరోజు ఓ కుర్ర దర్శకుడు గాయం మేకప్ చేసేవాళ్ళు కావాలని వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె యూట్యూబ్ చూసి నేర్చుకుని, తన చేతి మీదే రోజుకో గాయం వేసి ఫొటో తీసి పెట్టుకుని ఉంది. కాలిన గాయం, కోసుకున్న గాయం, మూడు రోజుల కిందటి కమిలిన దెబ్బ. ఇన్‌స్టాగ్రామ్ పేజీ నిండా గాయాలే! పెళ్ళికూతుళ్ళ ఫొటోలు పెట్టుకునే వందల మంది మేకప్ అమ్మాయిల్లో ఈమె ఒక్కతే 'గాయాల పిల్ల' అయింది. కుర్ర దర్శకుడు తన కెమెరామన్‌కి చెప్పాడు, కెమెరామన్ ఓ వెబ్ సిరీస్ అసోసియేట్‌కి చెప్పాడు, అతను మన కో-డైరెక్టరుగారికి చెప్పాడు. వీళ్ళలో ఒక్కరూ ఆమెకు ప్రాణస్నేహితులు కారు.

నేను వెళ్ళిన రోజున ఆమెకు ఒకేసారి రెండు పిలుపులు వచ్చాయి. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి వికారాబాద్ అడవి వైపు వెళ్ళే వ్యాను ఎక్కాలి. రెండో పిలుపు శంకర్‌పల్లి దగ్గర ఏదో ప్రకటన చిత్రానికి. డబ్బు కూడా అందులోనే ఎక్కువ. "నేను రాలేను సార్. మా రూమ్మేటు ఉంది, హెయిరు మంచిగ చేస్తది, మేకప్ గూడ వస్తది. పంపనా?" అంది ఫోనులో.

అవతలివాళ్ళు ఏమన్నారో నాకు వినబడలేదు. స్టవ్ దగ్గరున్న అమ్మాయి మాత్రం అప్పుడే చేతులు తుడుచుకుని, మంచం కింద నుంచి తన మేకప్ పెట్టె బయటికి లాగింది.